ఓడిపోయిన పుస్తకాల్లో మనవాళ్ళు

బడిలో నన్ను 'మాయల ఫకీరు' అనేవాళ్ళు. బాలనాగమ్మ కథలో ఆ మాంత్రికుణ్ణి కొన్ని ఊళ్ళలో మాయల మరాఠీ అంటారు, కొన్ని ఊళ్ళలో మాయల ఫకీరు అంటారు. మా ఊళ్ళో ఫకీరే. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న దొంగ ఫకీరు. క్లాసులో సాయిబుల పేరున్నది నా ఒక్కరికే కాబట్టి ఆ పేరు నాకే దక్కింది. పిలిచినవాళ్ళకు ద్వేషం ఉండిందని ఇప్పటికీ అనుకోను. కథలో ఉన్న పాత్రను ఎదురుగా ఉన్న మనిషికి తగిలించారు, అంతే. కథలు చేసే పనే అది.

రాత్రి ఇంటికొస్తే ఇంకో లోకం. మా అబ్బా ఉర్దూ పత్రికలో కాతిబ్. కంప్యూటర్ అక్షరాలొచ్చి ఆయన కలాన్ని మూలన పడేసేదాకా చేత్తోనే పేజీలు రాశాడు. ఇబ్నె సఫీ నవలలు తెచ్చేవాడు. కరెంటు పోయినప్పుడు తిలిస్మె హోష్రుబా చెప్పేవాడు. అమర్ అయ్యార్ తన జోలెలో రాజ్యాలకు రాజ్యాలే వేసుకుపోతుంటే మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. పగలు తెలుగులో ఫకీరుని, రాత్రి ఉర్దూలో అయ్యార్‌ని. రెండూ ఒక్క ప్రాణమే.

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. హోష్రుబాలో దుర్మార్గులంతా సామ్రీని, జంషేద్‌ని కొలిచే మాంత్రికులు. ఇస్లాంలో చేరినవాడు బతుకుతాడు, చేరనివాడు చస్తాడు. ఆ కథ వినే హిందూ పిల్లవాడికి ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. నేనూ చాలా ఏళ్ళదాకా ఆలోచించలేదు. ఎదుటివాళ్ళ కథల్లో మన మొహం వెతికేటప్పుడు, మన కథల్లో ఎదుటివాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో కూడా చూసుకోవాలి కదా.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అవార్డుల పాత జాబితాలు చదవడం నాకు ఈ మధ్య పట్టిన పిచ్చి. గెలిచిన పుస్తకాల కన్నా తుది జాబితాదాకా వచ్చి ఓడిపోయినవాటినే ఎక్కువ చదివాను. హ్యూగో అవార్డు 1953లో మొదలైంది. ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ సభ్యులు, అంటే పాఠకులే, ఓట్లు వేస్తారు. తుది జాబితాలో చాలాకాలం ఐదేసి పుస్తకాలుండేవి, 2017 నుంచి ఆరు. నెబ్యులా అవార్డుకు ఓటేసేది రచయితలు. గెలిచినదాని మీద వ్యాసాలొస్తాయి, సినిమాలొస్తాయి. ఓడిన నాలుగూ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదకొస్తాయి. నాకు చాలావరకు దొరికింది అక్కడే.

ముందు గెలిచినదాని సంగతి. ఫ్రాంక్ హెర్బర్ట్ 'డ్యూన్' 1965లో వచ్చింది. మొదటి నెబ్యులా దానిదే. 1966 హ్యూగోను రోజర్ జెలాజ్నీ నవలతో కలిసి పంచుకుంది. ఇసుక గ్రహం, దాని మీద ఫ్రెమెన్ అనే జనం, వాళ్ళ నోట మహదీ, జిహాద్, లిసానుల్ గైబ్. అరబ్బీ ముక్కలు తెలిసినవాడికి మొదటి వంద పేజీలు ఒళ్ళు పులకరిస్తుంది. నాకూ పులకరించింది. అబద్ధమెందుకు? తర్వాత మెల్లగా తెలుస్తుంది. ఆ జనం ఎదురుచూస్తున్న మహదీ వాళ్ళలోంచి రాడు. పైనుంచి దిగిన దొరబిడ్డ వస్తాడు. పైగా ఆ ఎదురుచూపు కూడా వాళ్ళది కాదు. ముందుతరాల్లో ఒక సన్యాసినుల సంఘం తన అవసరం కోసం నాటిపోయిన నమ్మకం. అంటే విశ్వాసం వీళ్ళది, దాని తాళంచెవి మాత్రం పరాయివాళ్ళది. హెర్బర్ట్ ఆ దొరబిడ్డను పొగడలేదనీ, వీరపూజను ఎండగట్టడానికే రాశాడనీ అంటారు. నిజమే. రెండో భాగంలో 6,100 కోట్లమంది చావుల లెక్క ఆ వీరుడి మెడకే చుట్టాడు. కానీ ఆ ఎండగట్టడంలోనూ ఫ్రెమెన్‌లు గుంపుగానే ఉంటారు. చంపుతారు, చస్తారు, నమ్ముతారు. సందేహించే హక్కు దొరబిడ్డకే. 2021లో సినిమా తీసినప్పుడు జిహాద్ అన్న మాటను పక్కకు తప్పించి పవిత్రయుద్ధం అన్నారు. మాట తీసేస్తే మనకు గౌరవం ఇచ్చినట్టా, మనల్నే తీసేసినట్టా? నాకింకా తేలలేదు.

ఇక ఓడినవి. జార్జ్ ఎలెక్ ఎఫింజర్ 'వెన్ గ్రావిటీ ఫెయిల్స్' 1988 హ్యూగో తుది జాబితాలో ఉంది. ఆ ఏడు గెలిచింది డేవిడ్ బ్రిన్ 'ది అప్‌లిఫ్ట్ వార్'. ఎఫింజర్ కథ భవిష్యత్తులో ఒక అరబ్ నగరంలో, బుదయీన్ అనే పేటలో నడుస్తుంది. జనం మెదడులో చిప్పులు గుచ్చుకుని ఎవరి వ్యక్తిత్వం కావాలంటే వాళ్ళది తొడుక్కుంటారు. కథానాయకుడు మరీద్ ఆద్రాన్. తాగుతాడు, మాత్రలు మింగుతాడు, రోజా సంగతి గుర్తొస్తే సిగ్గుపడతాడు. ఆ పేటకు అసలు మూలం ఎఫింజర్ కాపురమున్న న్యూ ఓర్లీన్స్‌లోని ఫ్రెంచ్ క్వార్టర్. ఒకచోట చదువుతూ నవ్వుకున్నాను, ఇది బురఖా వేసుకున్న న్యూ ఓర్లీన్స్ కదా అని. ఆడవాళ్ళంటే ఎక్కువగా బార్లలో నాట్యం చేసేవాళ్ళే. అయినా ఈ పుస్తకం మీద నాకు మమకారమే. కారణం ఒక చిన్న విషయం. పేటను శాసించే ముసలాయన ఫ్రీడ్‌లాండర్ బే దగ్గరికి మరీద్ వెళ్ళినప్పుడు అసలు మాటకు ముందు మర్యాదలు నడుస్తాయి. కాఫీ ఇవ్వడం, వద్దనడం, మళ్ళీ ఇవ్వడం, దేవుడి పేరు, ఆరోగ్యం సంగతి. ప్రాణం తీస్తాడేమోనన్న భయం లోపల, పైన ఆదాబ్. ఈ 'పెహలే ఆప్' లోపలి భయాన్ని ఒక అమెరికన్ పట్టుకున్నాడు. నేను ఆ పేజీలు ఉర్దూలో చెప్పుకుంటూ పోతే అబ్బా అడిగింది ఒక్కటే: "మనోడు ఆఖరి పేజీదాకా బతికే ఉంటాడా?" ఉంటాడన్నాను. "అయితే మంచి పుస్తకమే, బేటా" అన్నాడు.

ఆ ఎఫింజరే రెండో నవలతో 1990లో మళ్ళీ జాబితాలో నిలబడి మళ్ళీ ఓడిపోయాడు. గెలిచిన డాన్ సిమన్స్ 'హైపీరియన్'లో కూడా ఒక పాలస్తీనా సంతతివాడున్నాడు, కర్నల్ కసాద్. అంగారక గ్రహం మీది శరణార్థి శిబిరాల్లో పెరిగినవాడు. వందల ఏళ్ళు గడిచినా, గ్రహం మారినా, పాలస్తీనావాడికి శిబిరం తప్పలేదు! సిమన్స్ ఆ మాటను కావాలని అన్నాడో, అలవాటుగా అన్నాడో గాని, ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

2003 జాబితాలో ఓడిన నవల కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 'ది ఇయర్స్ ఆఫ్ రైస్ అండ్ సాల్ట్'. గెలిచిన రాబర్ట్ సాయర్ 'హోమినిడ్స్' ఇవాళ ఎంతమందికి గుర్తుందో. పద్నాలుగో శతాబ్దపు ప్లేగు యూరప్‌ను దాదాపు మొత్తంగా తుడిచిపెడితే చరిత్ర ఎలా నడిచేదన్నది రాబిన్సన్ ఊహ. మిగిలింది ఇస్లాం ప్రపంచం, చైనా, మన దేశం. అవే ఆత్మలు జన్మలెత్తుతూ పోతాయి, పేర్ల మొదటి అక్షరం మాత్రం మారదు. అక్బర్ దర్బారులో బిస్తామీ అనే సూఫీ ఉంటాడు. పాదుషాకు కోపమొచ్చి మక్కాకు పంపేస్తే, అక్కణ్ణించి పడమటికి పోయి పోయి, ఖాళీ అయిన ఫ్రాన్సు నేల మీద ఒక సుల్తానా వెంట కొత్త ఊరు కట్టడంలో చెయ్యి వేస్తాడు. ఇస్లాంలో ఆడవాళ్ళ చోటు ఎంత అన్న చర్చ ఆ ఊరి పునాదుల్లోనే మొదలవుతుంది. ఇంకోచోట మన పక్కనున్న తిరువాన్కూరు ఆవిరి యంత్రాలతో పెద్ద శక్తిగా ఎదిగి ఒట్టొమాన్‌ల రాజధానిని పట్టుకుంటుంది. తెలుగు పాఠకుడికి ఆ అధ్యాయం పండగే.

యూరప్ లేకపోతే ముస్లింలు స్వర్గం కట్టేవాళ్ళని కొందరు, లోకం చీకట్లో మునిగేదని కొందరు అనుకుంటారు. రాబిన్సన్ ఇద్దరికీ సంతోషం కలిగించడు. అతని ముస్లింలు రసాయనశాలలు పెడతారు, ఫిరంగులు పోస్తారు, చైనాతో దశాబ్దాలపాటు మహాయుద్ధం చేసి ఓడిపోతారు, తర్వాత కూచుని ఎందుకు ఓడామని వాదించుకుంటారు. పీడితుడి వేషమూ లేదు, రాక్షసుడి వేషమూ లేదు. తప్పులు చేసే స్వేచ్ఛ ఇచ్చాడు. మైనారిటీవాడికి నిజజీవితంలో దొరకనిది అదే కదా. ఒక్కడు తప్పు చేస్తే అందరి ఇళ్ళూ సోదా చేస్తారు. అయితే మధ్యలో నవల బరువెక్కి ఉపన్యాసంలా సాగుతుంది, ఆ మాట కూడా చెప్పాలి.

ఇయాన్ మెక్‌డొనాల్డ్ 'రివర్ ఆఫ్ గాడ్స్' 2005లో సుసానా క్లార్క్ నవల చేతిలో ఓడింది. 2047లో ముక్కలైన ఇండియా కథ. వారణాసి రాజధానిగా 'భారత్' అనే దేశం. దాని ప్రధాని సాజిదా రాణాకు కుడిభుజం షహీన్ బదూర్ ఖాన్ అనే ముస్లిం. గొప్ప చదువు, గొప్ప వంశం, రాజ్యం పట్ల అంతులేని విధేయత. అతని జీవితంలోని ఒక రహస్యం బయటపడగానే అదంతా గాలికి పోతుంది. 'మంచి ముస్లిం' అన్న పదవికి ఉద్యోగభద్రత ఎంతో మెక్‌డొనాల్డ్‌కి తెలిసినట్టు మన రచయితల్లో ఎంతమందికి తెలుసు? కానీ నా ఫిర్యాదు వేరే. వారణాసి అంటే పట్టుచీరలు, పట్టుచీరలంటే అన్సారీ నేతగాళ్ళు. కథ నడిపే అన్ని పాత్రల్లో మగ్గం ముందు కూచున్నవాడు ఒక్కడు లేడు. ముస్లిం అంటే పాత హవేలీ, మంచి ఉర్దూ, పోయిన వైభవం. ఇది తెల్లవాళ్ళు చేసిన తప్పే కాదు. మన ఉర్దూ సాహిత్యం కూడా చాలాకాలం చేసింది. దూదేకులవాడు, కసాయివాడు, బీడీలు చుట్టే ఆడమనిషి భవిష్యత్తులోకి కూడా రాకపోతే ఎలా? ఇదే రచయిత తర్వాత కథలన్నీ కలిపి 'సైబరాబాద్ డేస్' అని వేశాడు. పేరు చూసి ఆశగా కొన్నాను. ఢిల్లీ ఉంది, జైపూర్ ఉంది, కాశీ ఉంది. మా హైదరాబాద్ అట్ట మీదే ఆగిపోయింది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ముస్లిం కానివాళ్ళు రాసినవి. మనవాళ్ళు రాయలేదా అంటే, 1905లోనే రాశారు. రుకయ్యా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజీన్‌లో అచ్చయింది. మగవాళ్ళు పరదాలో ఉంటారు, ఆడవాళ్ళు ఎండ నుంచి శక్తి తీసి రాజ్యం నడుపుతారు. హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో పత్రిక పెట్టింది ఆ తర్వాత 21 ఏళ్ళకు, 1926లో. అవార్డుకు ఆయన పేరు పెట్టారు. అందులో తప్పులేదు. పుస్తకాల చరిత్ర అచ్చాఫీసు ఉన్నచోట మొదలవుతుంది మరి.

2013కి రండి. జి. విల్లో విల్సన్ 'అలిఫ్ ది అన్‌సీన్' ఆ ఏడాది వరల్డ్ ఫాంటసీ అవార్డు గెలిచింది. ఆమె ఇస్లాం స్వీకరించిన అమెరికన్. గల్ఫ్‌లో ఒక పేరులేని నగరం, తండ్రి అరబ్బు, తల్లి ఇండియన్ అయిన ఒక కంప్యూటర్ కుర్రాడు, జిన్నుల లోకం. ఆ పుస్తకంలో నఖాబ్ వేసుకునే దీనా అనే పిల్ల ఉంది. ఎవరో వెయ్యిస్తే వేసుకున్నది కాదు. కథలో తెలివైన మాటలు ఎక్కువ ఆమెవే. ఇక ఆ అవార్డు కింద ఇచ్చే బొమ్మ ఎవరిదనుకున్నారు? హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ తలకాయ. తన కథల్లో 'పిచ్చి అరబ్బు' అబ్దుల్ అల్‌హజ్రెద్‌ని పుట్టించినవాడు. జాతివిద్వేషం అతని ఉత్తరాల్లో, కథల్లో దాగని సంగతి. నల్లజాతి రచయితలు గట్టిగా అడిగాక 2015లో ఆ బొమ్మ మానేశారు. అంటే 2013లో ఇంకా ఉంది. అమెరికాలో మాయల ఫకీరుని తయారుచేసినవాడి తల, ముస్లిం ఆడమనిషి రాసిన పుస్తకానికి బహుమానం!

అదే ఏడు హ్యూగోలో సలాదిన్ అహ్మద్ 'థ్రోన్ ఆఫ్ ది క్రెసెంట్ మూన్' తుది జాబితాలో నిలిచింది. డెట్రాయిట్‌లో పుట్టిన అరబ్ అమెరికన్. ఇందులో వీరుడు అరవై దాటిన లావుపాటి ముసలాయన, అదూల్లా. పిశాచాలను పట్టే పని. ఒళ్ళు నొప్పులు, ఏలకుల టీ మీద ప్రేమ, నోటికొచ్చిన తిట్లు, తిట్ల మధ్యలో దేవుడి మాట. పక్కన రషీద్ అనే కుర్ర దర్వేషు. నియమం తప్పడు, నవ్వడు, లోకంలో అందరూ పాపులేనని నమ్ముతాడు. ఈ ఇద్దరి గిల్లికజ్జాల్లో నాకు మా మసీదు అరుగు కనిపించింది. విశ్వాసానికి ఒకటే మొహం ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. లోపల తాతకూ మనవడికీ రోజూ యుద్ధమే. పిశాచాలతో చేసే పోరాటం మాత్రం సాదాసీదాగానే ఉంది. కత్తి, మంత్రం, రక్తం. ఇంకా బాగా రాయాల్సింది.

ఆ తర్వాత దారి కొంచెం వెడల్పయింది. 2015లో కమలా ఖాన్ అనే జెర్సీ సిటీ పాకిస్తానీ పిల్ల కథకు బొమ్మల విభాగంలో హ్యూగో వచ్చింది, రాసింది విల్సనే. 2024 జాబితాలో షానన్ చక్రవర్తి 'ది అడ్వెంచర్స్ ఆఫ్ అమీనా అల్ సిరాఫీ' ఉంది. పన్నెండో శతాబ్దపు హిందూ మహాసముద్రంలో ఓడ నడిపిన నడివయసు సముద్రదొంగ, ఒక కూతురికి తల్లి, చేసిన పాపాలన్నీ గుర్తుండి నమాజుకు నిలబడే మనిషి. అమీనా మాటతీరు అక్కడక్కడ ఇవాళ్టి అమెరికాలా వినిపించినా, సముద్రం మాత్రం మనదే. అదీ ఓడింది, ఎమిలీ టెష్ నవల చేతిలో.

2013లో సలాదిన్ అహ్మద్‌ని ఓడించిన పుస్తకం పేరు చెప్పలేదు కదా. జాన్ స్కాల్జీ 'రెడ్‌షర్ట్స్'. అంతరిక్ష నౌకలో చిన్న ఉద్యోగులు కొందరుంటారు. పెద్ద అధికారుల సాహసం రక్తి కట్టడానికి ప్రతి యాత్రలో తమలో ఒకడు చావాల్సి వస్తోందని కనిపెట్టి తిరగబడతారు. సరదా పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోయింది. అబ్బాకు ఆ కథ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, తెలుగు సినిమాల్లో హీరో స్నేహితుడు రహీం ఇంటర్వెల్ లోపల చచ్చిపోతాడే, వాళ్ళ కథా అని అడిగాడు. దాదాపు అదే అన్నాను. "రాసింది ముసల్మానా?"

కాదన్నాను.

"ఓడిపోయినోడు?"

"అవును అబ్బా, అతను మనోడే."

"ముందు అతని పుస్తకం చదువు. ఆ ముసలాయన టీ తాగే దగ్గర్నించి" అని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, గోడకు జారగిలబడ్డాడు.