తిలంగా సిపాయి ఇల్లు

ఈ మధ్య హవేలిఘనపూర్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న విద్యార్థులతో బొబ్బిలి కథను గురించి మాట్లాడవలసి వచ్చింది. వీరగాథల్లో భూస్వామ్య విలువలు ఎట్లా చొరబడతాయో నాకు తోచినట్లు చెప్పుకుపోతున్నాను. వెనక బల్లమీద కూచున్న కుర్రవాడు లేచి, "సార్, కోటలోపల చచ్చినోళ్ల పేర్లు పాటల ఉన్నయి. కోటబయట బుస్సీ దిక్కు నిలబడి చచ్చినోళ్లు ఎవరు? అందరు ఫ్రెంచోళ్లేనా?" అని అడిగాడు. కాదని వెంటనే చెప్పాను. "మరి వాళ్లు ఏ ఊరోళ్లు? వాళ్లకు ఇండ్లు లేవా?" అన్నాడు. దీనికి మాత్రం నా దగ్గర సమాధానం సిద్ధంగా లేదు. ఇన్నేళ్లుగా ఆ కథను విమర్శిస్తున్న నాకు ఆ ప్రశ్నే తోచలేదంటే, లోపం కథలో ఉన్నంతా నా విమర్శలోనూ ఉన్నదన్నమాట.

ఆ ప్రశ్న ఆ ఊళ్లోనే పుట్టడం చిత్రంగా ఉన్నది. హవేలి అంటే మనకిప్పుడు పెద్ద భవంతి. పాత రెవెన్యూ భాషలో ఆ మాటకు మరో అర్థం ఉన్నది: జమీందారుకు ఇవ్వకుండా సర్కారు తన ఖర్చుకు అట్టేపెట్టుకున్న భూమి. ఉత్తర సర్కారుల్లో హవేలి భూముల ఆదాయం కోటల్లోని దండుల పోషణకు పోయేదని కంపెనీవారి నివేదికలే చెబుతున్నవి. రైతు పండించినదాన్ని సిపాయి తిన్నాడు. ఆ సిపాయి మళ్లీ రైతు కొడుకే. రైతు శిస్తు కట్టకపోతే ఊరిమీదికి వచ్చేదీ అతడే. పద్దెనిమిదో శతాబ్దపు దక్కన్‌లో ఒకే కుటుంబం ఈ లెక్కకు రెండువైపులా నిలబడి ఉండడంలో అసంభవమేమీ లేదు.

బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. దానిమీద దిట్టకవి నారాయణకవి 'రంగరాయచరిత్రము' కావ్యం రాశాడు. జంగం కథకులు ఊరూరా పాడారు. 1916లో వేదం వెంకటరాయశాస్త్రి నాటకం వచ్చింది, 1964లో సినిమా వచ్చింది. కావ్యం నుంచి సినిమా దాకా అన్నిటా ఒకటే దృష్టి: దొర పరువు, దొరసాని మానం, పాపారాయుడి ప్రతీకారం. కోటలో స్త్రీలను శత్రువు చేతికి చిక్కకుండా మగవాళ్లే చంపుకున్న ఘట్టంలో శ్రోత కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆ కన్నీళ్లను నేను తక్కువ చేయను. కాని బుస్సీ శిబిరంలో వంటచేసే ఆడవాళ్లు, పిల్లలను చంకనెత్తుకుని దండు వెనక నడిచే ఆడవాళ్లు ఈ కథల్లో ఎక్కడా అగుపించరు. మానం అనే మాట వారికి వర్తించదని కవి అనుకున్నాడా? అసలు వారిని చూడనే లేదు కాబోలు. అతన్ని పోషించిన వర్గానికి ఆ చూపు అవసరం లేదు.

మనవాళ్లు చూడని ఆ మనిషికి పరాయివాళ్లు మాత్రం పేరు పెట్టారు. కంపెనీవారి కాగితాల్లో తెలుగువాడు 'జెంటూ'. ఉత్తరాదిన 'తిలంగా'. 1756 చివర క్లైవు మదరాసు నుంచి ఓడల్లో బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉండడంచేత, కంపెనీ కవాతు నేర్చిన ప్రతి దేశీ సిపాయికీ అక్కడ ఆ పేరే స్థిరపడింది. 1780లలో పారశీకంలో చరిత్ర రాసిన గులాం హుసేన్‌ఖాన్ కంపెనీ సిపాయిలను ఆ పేరుతోనే పిలిచాడు. 1857లో మీరట్టునుంచి తిరగబడి వచ్చిన సిపాయిలను ఢిల్లీ ప్రజలు 'తిలంగీలు' అన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బీహారు ప్రాంతాల రైతుబిడ్డలు. అంటే మన జాతిపేరు నూరేళ్లపాటు ఒక వృత్తిపేరుగా దేశమంతా తిరిగింది. ఆ వృత్తిలోని తెలుగువాడిమీద చెప్పుకోదగిన కథ ఒక్కటీ మనకు లేదు. సిపాయి, పటాలం, కవాతు, జమేదారు, హవల్దారు, ఇవన్నీ మన నోళ్లలో పాతుకుపోయిన మాటలు. మాటలు ఇంటికి వచ్చాయి, మనిషి సాహిత్యంలోకి రాలేదు.

బొబ్బిలి తర్వాత రెండేళ్లయినా నిండకముందే, 1758 డిసెంబరు 7న, పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం. ఫ్రెంచివారి పక్షాన కొన్ని వేలమంది సిపాయిలు. ఇంగ్లీషు పక్షాన ఫోర్డు బెంగాలునుంచి తెచ్చిన సుమారు రెండువేలమంది సిపాయిలు, పక్కన ఆనంద గజపతి దండు. ఏపుగా పెరిగిన చేను అడ్డుగా ఉండడంవల్ల తెల్ల పటాలం ఫ్రెంచివారి కంటబడలేదు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలను చూసి ఇంగ్లీషువాళ్లు వీళ్లేననుకుని వారిమీద విరుచుకుపడ్డారు. సిపాయిలు విరిగి పారిపోయారు. ఆ తరుణంలో తెల్ల పటాలం చేనువెనకనుంచి వచ్చి గెలిచింది. చరిత్ర పుస్తకాలు ఇందులో ఫోర్డు వ్యూహకౌశలాన్ని చూపిస్తాయి. నాకు అందులో ఎర్రకోటు అసలు ఉపయోగమేమిటో కనిపిస్తుంది. మరో సంగతి: ఆ రెండువేలమందిలో నాడు మదరాసు ఓడలెక్కిన తెలుగువాళ్లెవరైనా ఉంటే, వాళ్లు ఇల్లు చేరింది ఇట్లాగే. ఎదుట తుపాకి పట్టుకున్నవాడూ తెలుగువాడే అయి ఉండవచ్చు.

ఇక ఆ కుర్రవాడి రెండో ప్రశ్న, ఇల్లు. బెంగాలు సైన్యంలో సిపాయి భార్యాబిడ్డలను ఊళ్లో వదిలి వెళ్లేవాడు. మదరాసు సైన్యం పద్ధతి వేరు. కుటుంబం పటాలంతోబాటే లైన్లలో ఉండేది. పటాలం కదిలితే ముసలి తల్లితో సహా ఇల్లంతా కదిలేది. శతాబ్దం చివరికి సిపాయి జీతం నెలకు సుమారు రెండు వరహాలు, అంటే ఏడు రూపాయలు. అందులో బట్టలకు కోత. యుద్ధకాలంలో అదికూడా నెలల తరబడి బకాయి. సిపాయి కొడుకులను చిన్న జీతంమీద పటాలంలోనే కుర్రవాళ్లుగా చేర్చుకునే ఏర్పాటు ఉండేది. దీన్ని కంపెనీ దయగా వర్ణించిన చరిత్రకారులున్నారు. తండ్రి పోతే కొడుకు చేతికి తుపాకి వచ్చేదాకా ఆ ఇంటిని ఆకలికీ చావుకీ మధ్య నిలబెట్టే ఏర్పాటు అది. రంగరూటుకు ఊరిదాకా పోయి వెతుక్కోవలసిన శ్రమ తప్పింది. కూలీలను పుట్టించే పని కూడా కూలీ ఇంటికే అప్పగించడం పెట్టుబడికి కొత్త విద్య కాదు.

పోలికకు ఒక్కటి చెబుతాను. మీర్ జాఫర్ చనిపోతూ క్లైవుకు అయిదు లక్షల రూపాయలు విడిచిపోయాడు. దానితో 1770లో 'క్లైవు నిధి' ఏర్పడింది. అంగహీనులైన కంపెనీ సైనికులకూ వారి వితంతువులకూ అందులోంచి సహాయం. సైనికులంటే యూరపువాళ్లు. మీర్ జాఫర్‌కు నవాబుగిరీ తెచ్చిపెట్టిన పలాసీలో ఇంగ్లీషువారి పక్షాన పోరాడినవారిలో మూడింట రెండువంతులు సిపాయిలే!

ఆ కాలపు సిపాయి కుటుంబంలోంచి ఒక పుస్తకం వచ్చింది, కాని మన దేశంలో కాదు. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్ కంపెనీ సుబేదారు కొడుకు. 1769లో తండ్రి పోయాక ఒక ఇంగ్లీషు అధికారి వెంట పటాలంలో చేరాడు. 1784లో ఐర్లండు వెళ్లి, 1794లో కార్కులో తన ప్రయాణాలను ఉత్తరాల రూపంలో ఇంగ్లీషులో అచ్చువేశాడు. తెల్ల పోషకుల మెప్పు కోసం రాసిన పుస్తకం కనుక చాలాచోట్ల మర్యాద ముసుగు దిగదు. తిరుగుబాటుదార్లను శిక్షించిన దృశ్యాలను కూడా దొరల కళ్లతోనే చూశాడు. అయినా ఒక్కచోట ముసుగు జారింది. తల్లి శిబిరానికి వచ్చి, కొడుకును తనకు తిరిగి ఇవ్వమని వేడుకుంటుంది. కుర్రవాడు దొర దగ్గరే ఉండిపోతాడు. మొగుణ్ణి తిన్న పటాలం గుమ్మంలో నిలబడి కొడుకునైనా దక్కించుకోవాలని చూసిన ఆ స్త్రీ కొద్ది వాక్యాల్లో వచ్చి పోతుంది. మొత్తం పుస్తకంలో నాకు మిగిలింది ఆమె. అటువంటి తల్లులు శ్రీకాకుళంలోనూ ఏలూరులోనూ ఉండే ఉంటారు.

ఇక్కడ మన శిబిరాన్ని గురించి కూడా చెప్పుకోవాలి. అభ్యుదయ విమర్శలో ఈ సిపాయిపట్ల రెండు ధోరణులున్నాయి. మొదటిది, అతడు కూటికి అమ్ముడుపోయిన ద్రోహి అని తీర్పు చెప్పి ఊరుకోవడం. దేశమనే భావన ఇంకా రూపుకట్టని కాలంలో, ఏ జమీందారు దండులో చేరినా, ఏ నవాబు కొలువులో చేరినా అదే కూడు దొరికే చోట, ద్రోహం ఎవరిపట్ల? 1790-92 కరువులో సర్కారు జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ సంవత్సరాల్లో పటాలంలో చేరినవాడికి దేశభక్తి పాఠం చెప్పడం ముందు మనకు సిగ్గుగా ఉండాలి.

రెండో ధోరణి ఇంతకంటె ఆకర్షణీయమైనది, అందుకే ఎక్కువ ప్రమాదకరమైనది. అతడు ఒక్కసారి తిరగబడితే చాలు, వెంటనే అతణ్ణి విప్లవకారుణ్ణి చేసేయడం. విశాఖపట్నం సంగతే చూడండి. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరలీ సైన్యం కంపెనీ దళాన్ని నాశనం చేసింది. మూడు వారాలు దాటాక, అక్టోబరు 3న, విశాఖ తీరంలో సర్కారు సిపాయిలను మదరాసు యుద్ధానికి ఓడ ఎక్కమన్నారు. ఎక్కమన్నారు వాళ్లు. కాల్పులు జరిగాయి. తెల్ల అధికారులు చనిపోయారు. కంపెనీ ఖజానా సిపాయిల వశమైంది. నాయకుడు సుబేదారు షేక్ మహమ్మద్. తర్వాత అతణ్ణి పట్టుకుని చంపారు. ఇది మొదటి స్వాతంత్ర్య సమరమని ఇప్పుడు ఉపన్యాసాల్లో వింటున్నాం. పాలకుల వివరణ వేరు: నల్లవాళ్లకు సముద్రమంటే భయమని.

రెండూ నాకు మింగుడుపడవు. సముద్రమే కారణమైతే, 1756లో మదరాసు సిపాయిలు బెంగాలుకు ఓడెక్కారు గదా? 1762లో మనీలాదాకా పోయారు గదా? అక్కడే నిలిచిపోయినవారి సంతతి నేటికీ కైంటా పట్టణంలో ఉన్నది. పైగా నాయకుడు ముసల్మాను. సముద్రయానం కులం చెడగొడుతుందన్న శంక అతనికెందుకు? పోనీ దేశభక్తి అందామంటే, ఆ తీరంలో స్వరాజ్యం మాట ఎవరూ పలికినట్లు లేదు. నేను ఊహిస్తున్నది చెబుతాను, ఊహగానే తీసుకోండి. కుటుంబం లైన్లలో ఉన్నది. ఓడలో కుటుంబానికి చోటు లేదు. పొల్లిలూరు వార్త అప్పటికే చేరి ఉంటుంది. జీతం మదరాసులో ఎప్పుడు చేతికొస్తుందో, విశాఖలో ఉన్న ఆడమనిషికి అది ఎట్లా చేరుతుందో చెప్పే నాథుడు లేడు. ఎక్కమన్న మాటలో రాజకీయం లేదని నేననడం లేదు. ఆ రాజకీయం పొయ్యి దగ్గర మొదలైందంటున్నాను. దాన్ని జెండా దగ్గర మొదలుపెడితే షేక్ మహమ్మద్ మనకు ఒక విగ్రహంగానే దొరుకుతాడు.

హైదరాబాదులో 1798 అక్టోబరులో జరిగినది దీనికి దగ్గరగానే ఉన్నది. నిజాం కొలువులోని ఫ్రెంచి దళంలో పదివేలకు పైబడి సిపాయిలు. దాన్ని రద్దుచేయించడానికి కంపెనీ సేన వచ్చింది. ఆ సమయానికే సిపాయిలు జీతపు బకాయిల కోసం తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించి ఉన్నారు. బకాయి ఇప్పిస్తామనగానే దళం చెదిరింది. ఆ దళాన్ని కట్టిన రేమండ్ అదే ఏడు మార్చిలో చనిపోయాడు. జనం అతణ్ణి మూసారాముడన్నారు, మూసారంబాగులో ఆ పేరు ఇంకా నిలిచే ఉన్నది. బకాయి కోసం నిలబడినవాళ్ల పేరుమీద ఒక్క సందు కూడా లేదు.

అయితే జనం పూర్తిగా మరచిపోయారనీ అనలేం. సికింద్రాబాదును మనవాళ్లు ఇప్పటికీ లష్కర్ అంటారు. అక్కడి ఉజ్జయినీ మహంకాళి గుడి కథ మీకు తెలిసిందే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి వెళ్లాడనీ, కలరా సమయంలో మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడనీ చెబుతారు. దండు వెంట నడిచిన సామాన్యుణ్ణి పేరుపెట్టి గుర్తుంచుకున్న కథ ఇది. దాన్ని కాపాడింది కవులు కాదు, నెత్తిన బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు. ఈ కథలో మతం తప్ప మరేమీ చూడని మన తొందరపాటును కూడా నేను ఈ మధ్యనే వదులుకున్నాను.

ఇదంతా రెండోసారి వెళ్లినప్పుడు హవేలిఘనపూర్‌లో చెప్పాను. 1780 అక్టోబరు 3 రాత్రి విశాఖ లైన్లలో ఉన్న ఒక సిపాయి భార్యమీద కథ రాయమన్నాను. కుర్రవాడు వెంటనే ఒప్పుకున్నాడు. ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. "ఆమె ఏం మాట్లాడతది సార్? పక్కింట్ల ఉర్దూ, ఎదురింట్ల అరవం, మొగుడు ఒర్రేది ఇంగ్లీషు కవాతు మాటలు. నేను రాస్తే మా మెదక్ మాటైతది, మీరు రాస్తే పుస్తకం మాటైతది" అన్నది. కొంచెంసేపు ఆలోచించి, ముందు ఆమె ఆ పూట ఏం వండిందో రాయమన్నాను. ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది.