నాగార్జునకొండ రాతివలయము: రహస్యమెంత?

మాచర్లకు సమీపమున సాగరు జలాల నడుమ ద్వీపమైన నాగార్జునకొండపై, బౌద్ధ కట్టడముల సరసన, బండరాళ్ళను గుండ్రముగా పేర్చిన సమాధి ఒకటి కలదు. వయస్సులో ఇది స్తూపములకంటె పెద్దది. చూడవచ్చిన విద్యార్థులు మాత్రము దీని వద్ద ఎక్కువసేపు నిలువరు.

ఇట్టి వలయములను తెలుగునాట రాకాసిగుళ్ళనియు, పాండవగుళ్ళనియు అందురు. అంత బరువు రాళ్ళను మనుష్యులు కదల్చలేరను తలంపే ఈ పేర్లకు మూలము. ఈ కథను త్రోసివేసిన చదువరులు సైతము ‘అంతుపట్టని రహస్యము’ అని వ్రాసి ఊరకుందురు. ఈ మాట కథకంటె మేలైనది కాదు. తెలిసినదానిని, తెలియనిదానిని ఒకే మూటగా కట్టివేయును.

తెలిసినది కొంచెము కాదు. ఆనకట్టవలన లోయ మునుగనున్నదని 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున కేంద్ర పురావస్తుశాఖ అచట త్రవ్వకములు జరిపినది. ఇట్టి వలయముల నడుమ గొయ్యియో, రాతిపలకల గదియో ఉండును. అందు ఎముకలు, ఇనుప పనిముట్లు, నలుపు-ఎరుపు కుండలు దొరకును. ఒకే గోతిలో పలువురి ఎముకలు, అవియు ఏరి చేర్చినట్లు, కనబడుట దక్షిణదేశమున సామాన్యము. అనగా శవమును మొదట వేరొకచోట ఉంచి, పిమ్మట ఎముకలను మాత్రము తెచ్చి పూడ్చిరన్నమాట.

కాలమును గూర్చిన అభిప్రాయము మారినది. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిని త్రవ్విన వీలర్ ఈ ఆచారము క్రీ.పూ. 200 ప్రాంతమున మొదలైనదనెను. తరువాత హల్లూరు బొగ్గును రేడియో కార్బన్ పద్ధతిని పరీక్షింపగా, క్రీ.పూ. 1000 నాటికే అచట ఇనుము ఉన్నట్లు తేలినది. పల్నాటి వీరులు క్రీ.శ. 12వ శతాబ్దివారు, వారికి ఈ రాళ్ళు అప్పటికే అతి ప్రాచీనములు.

కొండమీది వలయము లోయనుండి తరలించి తిరిగి కట్టినది. ఆ శ్రమ మెచ్చదగినదే. కాని మట్టిపొరలు రాళ్ళతో తరలిరావు. దిక్సూచి పట్టి దీనిని సూర్యోదయముతో ముడివేయువారు ఈ సంగతి మరువరాదు. అట్టి పరీక్షకు తగినచోటు కృష్ణ ఎగువనున్న ముడుమాల. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఆ నిలువురాళ్ళు పాతినచోటనే ఉన్నవి. అచట ఒక రాతిపైని గుంటలు సప్తర్షి మండలమని పరిశోధకులు కొందరందురు. అనేక రాళ్ళున్నచోట ఏవో రెండు సూర్యుని దిక్కున కుదురుట వింత కాదు. కాకతాళీయముగా ఎన్ని కుదురునో లెక్కించినగాని వాదము నిలువదు.

నిజమైన చిక్కు వేరొకటి. సమాధులు దొరికినన్ని వారి ఊళ్ళు దొరకలేదు. చనిపోయినవారికి ఇంత రాతియిల్లు కట్టినవారు బ్రతికినన్నాళ్ళు ఎచట కాపురముండిరి? స్థిరముగా సేద్యము చేసిరా, మందలతో తిరిగిరా?