ఇగురు నేర్చిన చేయి

మా తల్లిగారు రొయ్యలు వండిన దినమున, పరిమళము వంటయింటి గడప దాటి రాకమునుపే మాకు వినవచ్చునది ఒక చప్పుడు. పసుపును ఉప్పును పట్టించి మూకుటిలో వేసిన రొయ్యలు తమలోనుండి ఊరిన నీటిలోనే బుడబుడ ఉడుకుచు, ఆ నీరు క్రమక్రమముగా ఇంకి, బుడబుడ పోయి చిటపట మొదలగు క్షణమునకై ఆమె పీటమీద కూర్చుండి చెవి యొగ్గి యుండెడివారు. ఆ చిటపట విన్న పిమ్మటగాని ఉల్లిపాయలకును, కారమునకును, అల్లము వెల్లుల్లి ముద్దకును ప్రవేశము లేదు. నీరు ఇగిరిననే ఇగురు. పేరులోనే పాకవిధానమంతయు ఇమిడియున్న వంటకమది. అందుకు ముప్పావుగంట పట్టెడిది. నా చేతికి అబ్బిన రొయ్యల విద్యయంతయు ఆ ముప్పావుగంటయే.

ఇట్టి చేతికి నాలుగు నిమిషముల వంటకముతో పరిచయము కలిగించినవాడు భీమవరము దాపున చెరువులు చేయుచున్న మా పినతండ్రిగారి కుమారుడు. 2025లో అమెరికావారు మన సరకుపై సుంకము పెంచగా, గట్టుమీద ధర పడిపోయిన దినములలో, అతడు మంచుముక్కలు నింపిన థర్మాకోలు పెట్టెలో రెండు కిలోల రొయ్యలు తెచ్చి మా వసారాలో దించినాడు. నలభై కౌంటు, అనగా కిలోకు నలభై తూగునవి. కాఫీ త్రాగుచు అతడన్నమాట నాకు చాలదినములు చెవిలో నిలిచిపోయినది: "పదిహేనేళ్లబట్టి పెంచి పంపిస్తున్నాం గానీ అన్నయ్యా, అక్కడివాళ్లు వీటిని ఎలా వండుకుంటారో ఒక్కనాడూ చూళ్లేదు."

మేతయొక్క ధరయు, నీటిలోని ఉప్పదనమును, రాత్రి రెండు గంటలకు ఏరేటరు ఆగినచో కలుగు నష్టమును ఎరిగిన మనిషికి, తన పంట చివరకు ఏ మూకుటిలో ఏ రూపము దాల్చునో తెలియకుండుట విచిత్రమే గదా! వడ్లు పండించు రైతునకు అన్నము తెలియును. ఇతనికి ఆ భాగ్యము లేకపోయెను. విచారింపగా తెలిసినది: అక్కడివారి ఇండ్లలో మిక్కిలి సులభముగా సాగు రాత్రివంట ఇదే, వెన్నలో వెల్లుల్లి, అందులో రొయ్య, పైన నిమ్మరసము. దానికి వారు 'స్కాంపీ' యను పేరు కూడ పెట్టినారు. ఈ పేరులో ఒక తమాషా కలదు. ఇటలీవారి భాషలో ఆ మాట సన్నని లాబ్‌స్టరువంటి వేరొక జలచరమును చెప్పును. వలసవచ్చిన ఇటాలియనులు దానిని వండు తీరుననే అమెరికాలో రొయ్యను వండగా, జంతువు పోయి పేరు మిగిలినది. మన ఎగుమతి వ్యాపారులకో, అదే మాట గోదావరి నీలకంఠ రొయ్యకు నామధేయము. ఒక మాటకు మూడు దేశములలో మూడర్థములు.

రొయ్యయు అట్టిదే. మా చిన్నతనమున రొయ్య యనగా కాలువలోనిది, లేదా ఉప్పుటేటిది. 1990 దశకమున టైగరు రొయ్య సాగు వరిచేలను చెరువులుగా మార్చినది; వెనువెంటనే తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ చెరువులను, వాటితోపాటు కొన్ని సంసారములను కూడ ముంచినది. ఆ పిమ్మట 2009లో అనుమతి పొంది వచ్చి, ఇప్పుడు మా తమ్ముని చెరువులలో పెరుగుచున్న వనామీ రొయ్య పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రపు ఆవలిగట్టు, మెక్సికో మొదలు పెరూ వరకు గల తీరము. దాని తల్లిరొయ్యలు పెక్కు విమానమున వచ్చి, చెన్నైలో కొన్నాళ్లు క్వారంటైనున ఉండి, ఆ పిమ్మట మన హేచరీలకు చేరుచుండును. ఇంత ప్రయాణము చేసిన ప్రాణిని దాని పాత ఇరుగుపొరుగువారి పద్ధతిలో ఒకమారు వండి చూతమని నాకు బుద్ధి పుట్టినది.

మొదటి పర్యాయము ఘోరముగా చెడినది. ఇంట చిలికిన వెన్నముద్ద ఉండగా అంగడి వెన్న యెందుకను అభిమానముతో దానినే వేసితిని. అందులో మిగిలియున్న మజ్జిగనీరు చిందులు వేసి, రొయ్యలు వేగుటకు మారుగా ఉడకసాగినవి. ఉడకగా వాటినుండి మరికొంత నీరు ఊరినది. నీరు కనబడగానే నా చేయి తన పాతవిద్యను జ్ఞప్తికి తెచ్చుకొని, అది ఇగిరిపోవువరకు మంటను ఆర్పనీయలేదు. ఇగురునందైనచో ఆ పిమ్మట పులుసో మసాలయో రొయ్యను కాపాడును. ఇక్కడ కాపాడువారెవరును లేరు. పంటికింద సైకిలు ట్యూబు ముక్కవలె సాగినవి. రెండవమారు అంగడి వెన్న తెచ్చితిని. అందులో నూటికి 80 పాళ్లు కొవ్వు, సుమారు 16 పాళ్లు నీరు, పైగా ముందే చేర్చిన ఉప్పు. ఆ ఉప్పు సంగతి మరచి నా వంతు నేనును వేసితిని. వెల్లుల్లిని రొయ్యలకంటె ముందు వేసినందున అది నల్లబడి చేదెక్కినది.

మూడవమారు తొందరపడక, పని యంతయు పొయ్యి వెలిగింపకమునుపే ముగించితిని. పావుకిలో రొయ్యల తలలు తీసి (మీసాలు రొయ్యకు లేవా యని మనవారు ఎగతాళి చేయుదురు గాని, ఒలుచువానికి ఆ మీసములతో పడరాని పాట్లు), పొట్టు ఒలిచి, వీపున చాకుమొన ఆనించి నల్లని నరమును ఊడలాగి, కడిగి, పాతపంచె ముక్కలో చుట్టి తడియంతయు అద్దితిని. ఈ అద్దుటయే ఇందు ముఖ్యమైన పని; తడి పోనిది వేపుడు కాదు. పది వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి, నిమ్మచెక్క, మిరియపు పొడి, కొత్తిమీర చేతికందునట్లు పెట్టుకొంటిని.

వెడల్పాటి పెనము బాగుగ కాగినపిమ్మట చెంచాడు నూనె వేసి, రొయ్యలను ఒకదాని కొకటి తగులకుండ పరచితిని. బూడిదవన్నెతో అద్దమువలె పారదర్శకముగా నున్న దేహము అంచులనుండి తెల్లనై, ఆ తెలుపుమీద అరుణరేఖలు తేలుట కన్నులపండువు. ఆ యెరుపు కొత్తగా వచ్చినది కాదట. ఆస్టాజాంతిన్ అను వర్ణద్రవ్యము జీవించియున్నంతకాలము ఒక ప్రోటీనుచే కట్టుబడి నీలిఛాయలో దాగియుండి, వేడికి ఆ కట్టు విడిపోగా బయటపడునట. ఒక నిమిషమునకు తిరుగవేసి, మరి ముప్పాతిక నిమిషమునకు పళ్లెములోనికి తీసితిని. నెలవంకవలె వంగినచో వేగినట్లు, సున్నవలె చుట్టుకొన్నచో మించినట్లు. మంట తగ్గించి వెన్న వేయగా నురుగు పొంగి అణగినది. అణగినంతనే వెల్లుల్లి వేసి, దాని అంచు గోధుమవన్నెకు తిరుగకమునుపే రొయ్యలను మరల అందులో వేసి, నిమ్మరసము పిండి, పొయ్యి ఆర్పబోయితిని.

"అప్పుడే ఆర్పేస్తారేమిటండీ! ఇంకాస్త ఇగరనివ్వండి," అన్నది నా వెనుక నిలిచిన నా భార్య. నా చేయియు సరిగా అదే అనుచున్నది. ఏబది యేండ్ల అభ్యాసమును కాదని ఒక మీట త్రిప్పుట అంత కష్టమని నే నెరుగను. త్రిప్పితిని.

రొయ్యలు మృదువుగ, లోపల ఇంచుక తీపితో, పంటికింద విరిగినవి. పసుపు లేదు గనుక నీచువాసన రాకపోదని ఆమె సందేహించి, ఒకటి తిని, ఏమియు అనక మరియొకటి తిన్నది. పిమ్మట పెనమును తనవైపునకు లాగుకొని, అడుగున మిగిలిన వెన్నలో, వెల్లుల్లి తునుకలలో గరిటెడు వేడియన్నము వేసి కలిపి, సగము నా కంచమున పెట్టినది. రొట్టెతో తినవలసినదని చెప్పబోయి మానితిని.

ఆ రాత్రియే తమ్ముడు ఫోను చేసినాడు. "ఎలా ఉంది అన్నయ్యా, వాళ్ల వంట?" అని అడుగుచుండగనే ఆమె ఫోను అందుకొని, "బాగానే ఉందయ్యా. ఈసారి వచ్చేటప్పుడు రొయ్యలతోపాటు మీ పెరట్లో గోంగూర కూడా రెండు కట్టలు పట్టుకురా," అన్నది.