లాటు విప్పే ముందు

పాత గ్రామఫోన్ రికార్డులు వందల్లో ఒకేసారి చేతికొస్తే వెంటనే తలెత్తే ప్రశ్న ఒకటే: గంపగుత్తగా ఇచ్చేయాలా, ఒక్కొక్కటిగా అమ్ముకోవాలా? ఇలాంటి లాట్లు ఎక్కువగా రెండుచోట్ల నుంచి వస్తాయి. పెద్దాయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబం ఒకటి. పెళ్లిళ్లకూ జాతరలకూ మైక్ సెట్లు అద్దెకిచ్చి, ఇప్పుడు షాపు మూసేస్తున్నవాళ్లు రెండోది. ఇద్దరికీ అర్జంటుగా కావాల్సింది చోటు. అందుకే పేరున్న నాలుగు రికార్డులు పక్కన పెట్టుకుని, మిగతావి ఎవరు ముందొస్తే వాళ్ల ఆటోలోకి ఎక్కించేస్తారు. నా దృష్టిలో ఇది సరిగ్గా తలకిందుల పద్ధతి. పేరున్నవాటిని గుత్తగా ఇచ్చినా పెద్దగా పోయేదేమీ లేదు. పేరు తెలియనివాటినే ఆపి, చూసి, రాసుకోవాలి. అసలు జాబితా రాయకముందు ఎలా అమ్మాలో నిర్ణయించనే కూడదు.

ఎందుకంటే పేరున్న రికార్డు అంటే లెక్కకు మించి అచ్చయిన రికార్డు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీ, ఘంటసాల భగవద్గీత ఎల్పీ లేని తెలుగు లాటు అరుదు. 1974లో ఘంటసాల కన్నుమూశాక వచ్చిన ఆ గీత రికార్డును ఇళ్లలోనే కాదు, గుళ్లలోనూ కొన్నారు. వాటి మీద మనకున్న గౌరవం వేరు, బజారులో వాటికొచ్చే ధర వేరు. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి, భగవద్గీతకు వేలు చెప్పి నెలల తరబడి ఎదురుచూస్తారు. అదే లాటు అడుగున కాగితం కవర్లు చిరిగిపోయి, లేబుల్ వెలిసిపోయిన పది అంగుళాల లక్క రికార్డులుంటాయి. తెలుగు టాకీ 1932లో ‘భక్త ప్రహ్లాద’తో మొదలైంది. అంతకుముందు రికార్డు మీద వినిపించిన తెలుగులో ఎక్కువ పాలు రంగస్థలం పద్యాలు, హరికథలు, జావళీలు, కీర్తనలు. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివాళ్ల గొంతు మనకు మిగిలింది ఆ లక్కలోనే. లక్క కిందపడితే ముక్కలవుతుంది, ఉక్కు ముల్లు పడ్డ ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఇన్ని దశాబ్దాలు దాటి వచ్చినవి కొన్నే. ఇంకో వింత, ఎల్పీల్లో ఆఖరివి కూడా తక్కువే. 1980ల చివరికి జనం కాసెట్లకు మళ్లారు కాబట్టి అప్పటి సినిమాల ఎల్పీలు తక్కువగా అచ్చయ్యాయి. కొత్తవి కదా అని ఇళయరాజా రికార్డులను చవకగా వదిలేసేవాళ్లు ఇది గమనించాలి.

అయితే అన్నీ ఒక్కొక్కటిగా అమ్మితే సరిపోదా అంటారు. సరిపోదు. రికార్డు వంద రూపాయలదైనా అయిదు వేలదైనా దాని మీద పెట్టే చాకిరీ దాదాపు ఒకటే. కడగాలి, వినాలి, ఫొటో తీయాలి, స్థితి రాయాలి, విరగకుండా కట్టి పంపాలి. కొనేముందు కుండను వేలితో తట్టి చూసినట్టే లక్క రికార్డునూ చూడాలి: మధ్య రంధ్రంలో సన్నటి పుల్ల దూర్చి వేలాడదీసి అంచు మీద మెల్లగా తడితే మంచిది ఖంగుమంటుంది, కంటికి కనిపించని చీలిక ఉన్నది బొంగురుగా పలుకుతుంది. తర్వాత దీపం కింద ఏటవాలుగా పట్టుకోవాలి. గాడులు నల్లగా మెరిస్తే సరే. బూడిదరంగు తేలితే ముల్లు తినేసిందని అర్థం. వినైల్ ఎల్పీలను తుడిచిన స్పిరిట్‌తోనే దీన్నీ తుడిస్తే లక్క కరిగిపోతుంది, రికార్డు అక్కడికక్కడే పాడవుతుంది. చివరగా, లేబుల్ పక్కన నున్నటి భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు రాసుకోవాలి. లేబుల్ చదవడానికి వీల్లేకుండా పోయినా ఆ నంబరుతో రికార్డు ఏదో పోల్చవచ్చు. ఇంత పని వందరూపాయల రికార్డుకు చేస్తే కూలి కూడా గిట్టదు. కాబట్టి మామూలు సినిమా ఎల్పీలు, ఈపీలు గుత్తగానే పోవాలి, కాకపోతే విడదీసిన గుత్తలుగా: ఘంటసాల ఒకటి, భక్తి ఒకటి, హిందీ ఒకటి. ప్రతి గుత్తలోనూ కొనేవాడి కన్ను పడే మంచి రికార్డులు రెండు మూడు ఉంచాలి. మంచివన్నీ ఏరుకుని పిప్పి మిగిలిస్తే దాన్ని ఎవరూ కొనరు, ఖాళీ కావాల్సిన చోటు ఖాళీ కాదు. మైక్ సెట్ వాళ్ల సరుకు ఊరూరా తిరిగి మోగింది కనుక, వినకుండా దాన్ని బాగుందని రాయకూడదు.

ధర దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. రికార్డులు అమ్మే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లోనో మరోచోటనో ఎవరో అడుగుతున్న రేటు చూసి అదే విలువ అనుకుంటారు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి.

ఇక నాటకాల సెట్లు. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే. 78 స్పీడు మీద పది అంగుళాల రికార్డు ఒక పక్క మోగేది సుమారు మూడు నిమిషాలు. రాత్రంతా ఆడే నాటకాన్ని ఎంత కుదించినా దానికి అనేక రికార్డులు పట్టేవి, ఒక పక్క ఆగినచోటే మరో పక్క అందుకునేది. కలెక్టరు తనకు నచ్చిన నటుడి పద్యం ఉన్న ఒక్క రికార్డునే అడుగుతాడు, సెట్టు మొత్తానికి ఇచ్చే సగటు కన్నా దానికి ఎక్కువే ఇస్తానంటాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది పోయాక మిగిలినవి మధ్యలో తెగిన సంభాషణలు, వాటికి గిరాకీ ఉండదు. డబ్బు లెక్క చూసినా చివరికి నష్టమే. పైగా ఇంట్లో ఎన్నో ఏళ్లు కలిసి ఉన్న సెట్టును ఒకసారి నాలుగు ఊళ్లకు పంపేస్తే మళ్లీ ఒకచోట చేర్చడం దాదాపు అసాధ్యం.

అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అనేది చివరి అభ్యంతరం. సినిమా పాటల విషయంలో అది చాలావరకు నిజం, వాటిని గుత్తగా ఇవ్వమనడానికి అదీ ఒక కారణం. రంగస్థలం రికార్డుల విషయంలో ఆ భరోసా లేదు. కనుక అమ్మకానికి ముందు వాటిని డిజిటల్‌గా ఎక్కించి పెట్టుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో ధ్వనిముద్రణ మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్లు. 1930ల నాటి రికార్డు ఆ గడువు ఎప్పుడో దాటింది. రచన మీద హక్కు మాత్రం రచయిత పోయాక 60 ఏళ్లుంటుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. జాబితా సిద్ధమయ్యాక ఒక ప్రతి చెన్నైలోని రోజా ముత్తయ్య గ్రంథాలయానికి, మరొకటి బెంగళూరులోని ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్‌కు పంపితే ఖర్చయ్యేది ఒక ఈమెయిల్. వాళ్లు కొనకపోవచ్చు, బేరం మన చేతిలోనే ఉంటుంది. వాళ్ల దగ్గర లేనిది ఏదైనా ఉంటే ఆ రికార్డును ముంబై చోర్ బజార్ వ్యాపారికో విదేశీ కలెక్టరుకో పంపేలోపు, కాపీ తీసుకునేందుకు వాళ్లకు కొన్నిరోజులు గడువివ్వాలి.