హలీము పుట్టుపూర్వోత్తరములు

రంజాను నెల ప్రవేశించుటకు కొన్నిదినములు ముందుగనే, లక్డీకాపూల్ కూడలి మొదలుకొని నాంపల్లి స్టేషను మీదుగా ఆబిడ్సు వరకు గల హోటళ్ల ముంగిళ్లకు ఇటుకలును బంకమన్నును చేరును. పనివాండ్రు ఇటుకలను నడుమెత్తు పేర్చి, మధ్యను దేగు అను పెద్ద రాగిపాత్రను మెడవరకు దిగవేసి, సందులన్నియు మన్నుతో మెత్తి, అడుగున కట్టెలు దూర్చుటకు ఒక వాయి విడుతురు. దీనిని భట్టీ యందురు. నెల గడచినంతనే దీనిని పడగొట్టుదురు. మరుసటి రంజానుకు మరల కట్టుదురు. ఈ మట్టికట్టడపు ఆయువు నెలదినములే గాని, దీనియందు పక్వమగు పదార్థమునకు వేయియేండ్లకు మించిన చరిత్ర కలదు.

వంటకముల పుట్టుకను వెదకువారు సాధారణముగ ప్రభువుల పేళ్లను వెదకుదురు. ఫలానా నవాబునకు ఆకలియైన వేళ ఫలానా వంటవాడు కనిపెట్టెననియు, ఫలానా రాణికి పండ్లూడుటచేత మాంసమును మెత్తగా నూరిరనియు కథలు పుట్టుచునే యుండును. ఇట్టివి వినుటకు ఇంపుగ నుండునేకాని, వానివలన వంట బోధపడదు. హలీము విషయమున నేను నమ్మునది యేమనగా, దాని జన్మవృత్తాంతము దానిని తెచ్చినవారి పేళ్లలోకంటె దానిని వండు పద్ధతిలోనే ఎక్కువగ భద్రపడియున్నది. దేశము మారినకొలది దినుసులు మారినవి, పేరు మారినది, తినువేళ సైతము మారినది. ధాన్యమును మాంసమును ఒకే పాత్రలో గంటల తరబడి ఉడికించి, ఇది యిదియని విడదీయ వీలులేనంతగ మెదుపుట మాత్రము ఎచ్చటను మారలేదు.

పదవ శతాబ్దమున బాగ్దాదు నగరమునందు ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ సంతరించిన పాకగ్రంథములో హరీసా యను వంటకము కలదు. 1226లో అల్ బాగ్దాదీ వ్రాసిన మరియొక వంటల పుస్తకమునందును అది చోటుచేసికొన్నది. గోధుమలు, మాంసము, క్రొవ్వు, ఉప్పు, పైన చల్లుటకు దాల్చినచెక్క పొడి: మూలద్రవ్యము లింతకు మించినవి కావు. ఇంత సామాన్యమైన సామగ్రితో తయారగునది గనుకనే అది ఖలీఫాల పళ్లెరములకును సంతలోని కూలివాని గిన్నెకును సమముగ ఎక్కగలిగినది. అది పోయిన దారులను పరికించినచో ఆశ్చర్యము కలుగును. తుర్కీదేశపు పల్లెలలో పెండ్లినాడు ఊరివారందరును కూడి రోళ్లలో గోధుమలు దంచి వండుకొను కెష్కెక్, దీనికి సహోదరి. 2011లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. ఎమిరేట్సు, ఒమాన్, సౌదీ అరేబియా దేశముల హరీసునకు 2023లో అదే గౌరవము దక్కినది. ఆర్మీనియాలో 1915 నాటి మూసాదాగ్ ప్రతిఘటనను స్మరించు దినమున రాత్రియెల్ల పెద్ద పెద్ద కాగులలో హరీసాను వండి వచ్చినవారి కందరికిని పంచుదురు. ఇరానులో హలీము ప్రాతఃకాలపు ఫలాహారము; దానిపై చక్కెరయు దాల్చినచెక్కయు చల్లుకొందురు. శ్రీనగరులో గోధుమకు మారుగా బియ్యము వేసి, చలికాలపు తెల్లవారుజామున ఆవిరులు గ్రక్కుచుండగా రొట్టెతో తిందురు. ఆబిడ్సు అను పేటకు పేరిచ్చిన ఆల్బర్టు ఆబిద్, ఆరవ నిజాము కొలువులోని వర్తకుడు, ఆర్మీనియా సంతతివాడని ప్రసిద్ధి. అతని వీథిలోనే నేడు హలీము ఘుమఘుమలాడుట యాదృచ్ఛికమే కావచ్చునుగాని, తలచుకొన్నప్పుడెల్ల నాకు చిరునవ్వు వచ్చును.

హిందూదేశమున ఈ వంటకము అక్బరు కాలమునకే రెండు పాయలుగ చీలినది. అందుకు సాక్ష్యము అబుల్ ఫజల్ రచించిన ఆయినె అక్బరీ. అక్బరు వంటశాల లెక్కలలో హరీసా, హలీము రెండును వేర్వేరుగ గలవు. హరీసాకు 10 శేర్ల మాంసము, 5 శేర్ల దంచిన గోధుమలు, 2 శేర్ల నెయ్యి, అరశేరు ఉప్పు, ఇంచుక దాల్చినచెక్క. హలీము దగ్గరకు వచ్చుసరికి ఈ పట్టికలో శనగలు, మసాలాదినుసులు, కుంకుమపువ్వు, చివరకు పాలకూరయు ముల్లంగిజాతి దుంపలును దూరినవి. అనగా అరబ్బుల నిరాడంబరమైన హరీసా ఒకవైపు, పప్పుదినుసులు లేనిదే ముద్ద దిగని మన దేశపు హలీము ఒకవైపు. నా యూహలో హైదరాబాదు చేసిన విశేషకార్యము ఈ రెంటిని మరల కలుపుట: పప్పులును మసాలాయును ఉత్తరాది హలీమునుండి గ్రహించి, దంచుటయందలి పట్టుదలను అరబ్బుల హరీసానుండి గ్రహించినది.

ఆ రెండవది వచ్చిన దారి మనకు తెలిసినదే. నిజాము సైన్యమున చేరుటకు యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి అరబ్బులు తరతరములుగ వచ్చి స్థిరపడిరి; వారి కాపురమైన బార్కస్‌లో నేటికిని ఉదయమున తీపి హరీసు, ఉప్పు హరీసు రెండును అమ్ముదురు. ఆరవ నిజాము కాలమున ఈ వంట కొలువు పరిచయమునకు వచ్చెననియు, ఏడవ నిజాము ఆస్థానమునందలి హద్రమౌత్ రాజవంశీయుడు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన విందులలో దీనిని వడ్డించి ప్రచారము చేసెననియు చెప్పుకొందురు. విందుశాలలోనుండి వీథిలోనికి దీనిని దింపినవారు మాత్రము ఇరానీ హోటళ్లవారు. 1956లో మదీనా హోటలునందు హలీము అమ్మకము ఆరంభమాయెనని ప్రతీతి. ఆబిడ్సులోని 1935 నాటి గ్రాండ్ హోటలు వంటి ఇరానీల స్థలములు ఆ సంప్రదాయమును పెంచినవి. చాయ్ కొఱకు తెల్లవారకమునుపే పొయ్యి రాజేయు అలవాటు, పెద్దపాత్రలు, గల్లాపెట్టె యెదుట నిలిచిన పలుజాతుల జనము, ఇవన్నియు వారికి సిద్ధముగ నుండెను. నాంపల్లి స్టేషనులో రైలు దిగినవాడును, కచేరీనుండి యింటికి మరలు గుమాస్తాయును ఒక్క ప్లేటు కొనగలిగిననాడే హలీము ఈ నగరపు సొత్తయ్యెను.

ఇక వంట సంగతి. ముందటి రాత్రియే గోధుమలను నానవేయుదురు. పొట్టు తీసిన గోధుమయైన మేలు. శనగపప్పు, మినపపప్పు, పెసరపప్పు, ఎర్ర కందిపప్పు గోధుమకంటె బాగుగ తక్కువ పాళ్లలో చేరును. పప్పు హెచ్చినచో హలీము పప్పుచారు జాతిలోనికి జారిపోవును. మేకమాంసమున కండ పట్టిన మెత్తని భాగములకంటె కాలిపిక్క, భుజము మొదలగు నరములుగల భాగములు శ్రేష్ఠములు. వానిని అల్లము వెల్లుల్లి ముద్దతోను పచ్చిమిరపకాయలతోను ఉడుకబెట్టుదురు. మసాలాను నేరుగ పాత్రలో వేయక, పలుచని బట్టలో మూటగట్టి దించుదురు. దీనిని పోట్లీ యందురు. అందులో షాజీరా, ఏలకులు, దాల్చినచెక్క, మిరియాలు, తోకమిరియాలు, రాతిపువ్వు, ఎండిన గులాబిరేకులు ఉండును. ఏ దుకాణపు పోట్లీలో ఏది యెంతయో ఆ వంటమేస్త్రికి తప్ప మరియొకరికి తెలియదు, తెలియనీయరుకూడ. మూటలోని సారము దిగి, మూట బయటికి పోవును; తినువాని పంటికింద ఒక్క మిరియపుగింజయైనను తగులదు. మసాలా యుండవలెను, కనబడరాదు అను ఈ మర్యాద నాకు మిక్కిలి నచ్చినది.

మాంసము ఎముకనుండి జారునంత ఉడికిన పిదప గోధుమయు పప్పులును చేరును, అప్పుడు ఘోటా మొదలగును. ఘోటా యనునది వెడల్పైన చెక్కతల గల నిలువుకోల. మన వంటింటి పప్పుగుత్తి మనిషియెత్తు పెరిగినట్లుండును. ఇద్దరు దేగునకు చెరియొకవైపున నిలిచి, ఒకరి తరువాత ఒకరు, భుజబలమంతయు ఉపయోగించి దంచుదురు. దంచుట ఆపినచో అడుగంటును, మెల్లగ కొట్టినచో గడ్డలు కట్టును. క్రింద మంట వేయువాడు వేరొకడు. అతని కన్నులు పొగకును చెవులు దేగులోని బుడగల చప్పుడునకును అలవాటుపడియుండును. రాగిపాత్రను మట్టిలో పూడ్చుటలోని మర్మమిది: వేడి అడుగునుండి మాత్రమేగాక నలుప్రక్కలనుండియు సమముగ తగులును, కట్టె తగ్గించినను మట్టి వేడిని వెంటనే విడువదు. గ్యాసుపొయ్యిమీది అల్యూమినియపు గిన్నెకు ఈ గుణము లేదు.

ఇట్లు పండ్రెండు గంటలు వండుట ఎందులకు? మాంసపునరములలో కొల్లాజెన్ అను గట్టిపదార్థము కలదు. మరుగునీటి కంటె కొంచెము తక్కువ వేడిలో గంటలకొలది నిలిచినగాని అది జెలటినుగ కరుగదు. తొందరపడి మంట హెచ్చించినచో మాంసపు పోగులు బిగిసి పీచుపీచుగ మిగులును. గోధుమలోని పిండిపదార్థము మరియొకవైపున నీరు త్రాగి ఉబ్బి, గంజివలె విచ్చును. ఘోటా పని ఈ రెంటిని కలుపుటయే: పోగుపోగుగ విడిన మాంసమును విచ్చిన పిండి పట్టుకొనును, కరిగిన జెలటిను రెంటిని పెనవేయును, నెయ్యి ఆ ముద్దలో చొచ్చి పైకి తేలక నిలుచును. గరిటెతో ఎత్తినపుడు తెగక సాగు ఈ గుణమునే దేగు దగ్గరివారు లేస్ అందురు. లేస్ రానిది హలీము కాదు. ఎంత నెయ్యి పోసినను, ఎన్ని జీడిపప్పులు చల్లినను అది కీమాజావయే. యంత్రములతో రుబ్బినచో పని క్షణములో తేలునుగాని, పోగు పొడవుగ నిలువక పిండియగును. నాలుక యీ భేదమును ఎట్లు కనిపెట్టునో చెప్పలేనుగాని, తప్పక కనిపెట్టును.

2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ దేశమున మాంసాహార పదార్థమొకటి ఆ గుర్తింపు పొందుట అదియే ప్రథమము. ఆ నియమములలో మేకమాంసమే యుండవలెనని, మాంసమునకు గోధుమకు 10:4 పాలుండవలెనని, స్వచ్ఛమైన నేతితో, రాగిపాత్రలో, కట్టెలమంటపై పండ్రెండు గంటలు వండవలెనని కలదు. అక్బరు వంటశాలలోని హరీసాకు 10:5 పాలని పైన చూచితిమి. నాలుగు శతాబ్దములు దాటినను లెక్క ఎంత స్వల్పముగ కదలినదో గమనింపుడు. ఈ గుర్తింపు పత్రమున ఏ నవాబు పేరునకును ప్రాధాన్యము లేదు. పాత్ర, మంట, పాళ్లు, కాలము, ఇవియే లక్షణములుగ నిర్ణయింపబడినవి. చట్టము చరిత్రకారులకంటె తెలివిగ ప్రవర్తించినదని నా తలంపు.

ఇప్పుడు ఋతువుతో నిమిత్తము లేకుండ కొన్నిచోట్ల ఏడాది పొడుగునను హలీము దొరకుచున్నది. 1938లో పబ్లిక్ గార్డెన్సులో పుట్టి, పిమ్మట నాంపల్లి మైదానమునకు మారిన నుమాయిష్ ప్రదర్శనలో చలిగాలుల నడుమ వేడి హలీము తినుట ఎందరికో అలవాటు. కోడిమాంసముతో, చేపతో, కూరగాయలతో సైతము హలీములు వచ్చినవి. కూరగాయలదానిపై నాకు ద్వేషము లేదు, ఆయినె అక్బరీలోని పాలకూరను చూచిన తరువాత అసలే లేదు. స్పెషల్ అను పేర గుడ్డుముక్కలు, వేయించిన కోడిమాంసపు తునకలు, మీగడ పైన కుమ్మరించుట మాత్రము పండ్రెండు గంటల శ్రమపై ముసుగు వేయుటయే. కొనదలచినవారికి నా సలహా: సాయంకాలము ఇఫ్తారునకు కొంచెము ముందుగ, దేగు మూత తీసిన కొలదిసేపటికే వెళ్లవలెను, రాత్రి పొద్దుపోయిన తరువాత అడుగుది గట్టిపడి, వేడినీళ్లు కలిపి పలుచన చేయుదురు. సాదా ప్లేటే అడుగవలెను. వేయించిన ఉల్లిపాయ, పుదీన, ఒక చెంచా నెయ్యి చాలును. నిమ్మబద్ద పిండుటకు ముందు ఒక ముద్ద ఏమియు కలుపక రుచి చూచినచో, ఆ భట్టీవద్ద ఘోటా చేత పట్టినవారు పని యెంత చేసిరో తెలియును.