పీహెచ్‌డీ: ఒక కరదీపిక, ఒక స్వానుభవం

పీహెచ్‌డీ గట్టెక్కడం ఎలాగో చెప్పే పుస్తకాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి ఎస్టెల్ ఫిలిప్స్, డెరెక్ ప్యూ కలిసి రాసిన ‘హౌ టు గెట్ ఎ పీహెచ్‌డీ’. 1987లో బ్రిటన్‌లో వెలువడింది, తర్వాత ఎన్నో కూర్పులు పొందింది. రెండోది ఫిలిప్ గువో 2012లో అందరికీ ఉచితంగా అందించిన ‘ది పీహెచ్‌డీ గ్రైండ్’. స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ పరిశోధకుడిగా 2006 నుంచి 2012 దాకా గడిపిన ఆరేళ్లను ఆయన ఏడాదికో అధ్యాయంగా చెప్పారు. మొదటి పుస్తకం స్కాలర్‌తో పాటు గైడ్‌కూ పాఠం చెబుతుంది. రెండోది స్కాలర్ పక్కనే ఉండి మాట్లాడుతుంది.

ఫిలిప్స్, ప్యూల బలం నిర్మొహమాటంలో ఉంది. పీహెచ్‌డీ ఎలా రాకుండా పోతుందో వాళ్లు ఏడు కారణాలుగా చెప్పారు. డిగ్రీ మీద నిజమైన కోరిక లేకపోవడం, పీహెచ్‌డీని మరీ పెద్దదిగా ఊహించుకోవడం, మరీ తేలిగ్గా తీసుకోవడం, పీహెచ్‌డీకి ఏం కావాలో తెలియని గైడ్ దొరకడం, గైడ్‌తో సంబంధం తెగిపోవడం, నిలబెట్టడానికంటూ ఒక వాదన లేకపోవడం, థీసిస్ సమర్పించకముందే కొత్త ఉద్యోగంలో చేరడం. మన విశ్వవిద్యాలయాల్లో ఆగిపోయిన పరిశోధనలను తలచుకుంటే వీటిలో ఏదో ఒకటి గుర్తుకు రాక మానదు. లెక్చరర్ పోస్టు రాగానే అటకెక్కిన థీసిస్‌లు మనకు కొత్త కాదు. పరిశోధనకు కావలసింది ప్రపంచాన్ని మార్చే ఆవిష్కరణ కాదు, ఆ రంగానికి ఒక కొత్త చేర్పు మాత్రమేనని ఈ పుస్తకం ఓపికగా నచ్చజెబుతుంది. భయంతో మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయినవాళ్లకు ఆ ఒక్క మాట కొండంత ధైర్యం.

గువో పుస్తకంలో ఇలాంటి జాబితా చివర్లో గానీ రాదు. అంతకుముందంతా దెబ్బలే. సాఫ్ట్‌వేర్ తప్పులను తనంతట తానే పట్టే ‘క్లీ’ అనే పరికరంతో మొదటి ఏడాదంతా కుస్తీ పట్టారు. ఆశించిన పేపరు రాలేదు. వదిలేశారు, మూడో ఏడాదిలో మళ్లీ దాని దగ్గరికే వెళ్లారు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంటర్న్‌గా, పేపరు ఎలా రాస్తే నిలుస్తుందో తెలిసినవాళ్ల పక్కన పనిచేసినప్పుడు ఫలితం త్వరగా చేతికొచ్చింది. తెలివీ కష్టమూ ముందూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది ఆ రంగం లోగుట్టు తెలిసినవాళ్ల తోడు. ఈ సంగతిని సూత్రంగా వింటే తలూపి ఊరుకుంటాం. మూడేళ్ల వృథా ప్రయాసను చూశాక వింటే మనసులో నాటుకుంటుంది. స్వానుభవ రచన కరదీపికను మించేది ఇక్కడే.

గైడ్ విషయంలో రెండు పుస్తకాలూ వేరు దారులు పట్టాయి. ఫిలిప్స్, ప్యూల దృష్టిలో ఆ బంధాన్ని నడపడం స్కాలర్ బాధ్యత కూడా. క్రమం తప్పకుండా కలవాలి, రాసింది చూపించాలి, పని ఎంతవరకు వచ్చిందో దాచకుండా చెప్పాలి. గువో మాత్రం తనకు పొసగని పని నుంచి తప్పుకున్నారు, ఇతర ఆచార్యులను వెతుక్కున్నారు, చివరికి తన సొంత ఆలోచనల మీదే థీసిస్ కట్టుకున్నారు. ఈ స్వేచ్ఛ ఎక్కడిదో పుస్తకం దాచలేదు: ఆరేళ్లలో ఎక్కువ కాలం ఆయన ఖర్చు భరించింది బయటి ఫెలోషిప్పులు. గైడ్ ప్రాజెక్టు డబ్బు మీద బతికే స్కాలర్ అలా తప్పుకోలేడు. కాబట్టి గువో పుస్తకంలోని సాహసాన్ని అనుకరించే ముందు దాని వెనకున్న ఆర్థిక భద్రతను చూడాలి.

మన దగ్గర ఈ డబ్బు ప్రశ్న ఇంకా పదునైనది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొత్తాన్ని 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు చేశారు. అయితే జేఆర్‌ఎఫ్ రానివాళ్లూ, వచ్చినా నెలల తరబడి బకాయిల కోసం ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016 జనవరిలో తన ప్రాణాలు తీసుకున్న స్కాలర్ రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని ఆఖరి లేఖలో రాశారు. డబ్బు ఆగిపోయి, కులం కారణంగా సంస్థ దూరం పెడితే స్కాలర్ ఏం చేయాలి? గువో పుస్తకానికి ఆ అనుభవం లేదు. ఫిలిప్స్, ప్యూల తర్వాతి కూర్పుల్లో బ్రిటన్‌లోని శ్వేతజాతి పురుషుల విద్యాలోకంలో బయటివాళ్లు ఎలా నెగ్గుకురావాలనే అధ్యాయం ఉంది. మన కుల వాస్తవానికి దగ్గరగా వచ్చేది అదొక్కటే, అదీ చాలదు. ఈ లోటును తీర్చే పుస్తకం తెలుగులో మనవాళ్లే రాయాలి.

రెండింట్లో ఏది మేలు? రెండూ కావాలి, కానీ వేర్వేరు సమయాల్లో. దరఖాస్తు చేయకముందు గువోను చదవాలి. చేరిన వారంలో ఫిలిప్స్, ప్యూలను తెరవాలి, ఏటా మళ్లీ తిరగేయాలి. గువో దెబ్బల్లో, ఆ ఏడు కారణాల్లో చాలావాటికి బీజం చేరకముందే పడుతుంది. అందుకే బతికి బట్టకట్టే ఉపాయాలు వెతకాల్సింది కష్టం వచ్చాక కాదు, దరఖాస్తు నింపేటప్పుడే. హైదరాబాద్ అయినా అమెరికా అయినా, ఫలానా గైడ్ దగ్గర ఇప్పుడున్న స్కాలర్లను నాలుగు సంగతులు అడగండి: ఆయన ఎన్నాళ్లకోసారి కలుస్తారు, రాసిచ్చిన అధ్యాయం ఎప్పటికి తిరిగి వస్తుంది, ముందువాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఫెలోషిప్ నెలనెలా అందుతోందా. సూటిగా జవాబులు రాకపోతే, ఆ విశ్వవిద్యాలయానికి ఎంత పేరున్నా మరో గైడ్‌ను వెతుక్కోండి.