అసిటాల్‌కు కొస ముడి

అసిటాల్ అనే ప్లాస్టిక్‌లో అణువుల గొలుసు పొడవునా ఉండేది ఫార్మాల్డిహైడే. హోసూరులో వాహనాల విడిభాగాలు పోసే మౌల్డింగ్ షాపుల్లో గేర్లుగా, క్లిప్పులుగా, బుష్‌లుగా మారే తెల్లటి గ్రాన్యూల్స్ ఈ ప్లాస్టిక్‌వే. గట్టిగా ఉంటాయి, నూనె లేకున్నా నున్నగా జారతాయి. బలహీనతంతా గొలుసు కొసల్లోనే.

ఊత్తంగరై సంతలో కొన్న మల్లెదండకు కొసన ముడి జారితే పూలు ఒక్కొక్కటే రాలిపోతాయి. గొలుసు చివర హైడ్రాక్సిల్ మిగిలిన అసిటాల్ తీరూ అంతే. వేడి తగిలితే ఆ కొస నుంచి ఫార్మాల్డిహైడ్ వరసగా ఊడిపోతుంది. 1920లలో రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ ఈ పాలిమర్‌ను లోతుగా పరిశోధించాడు. కానీ వేడికి నిలవకపోవడంతో అది చాలాకాలం సరుకుగా మారలేదు.

1950లలో డ్యూపాంట్ శాస్త్రవేత్తలు ఆ ముడి వేశారు. ఎసిటిక్ యాన్‌హైడ్రైడ్‌తో కొసల్లోని హైడ్రాక్సిల్‌ను ఎస్టర్‌గా మార్చారు. అలా వచ్చిందే డెల్రిన్. సెలనీస్ సంస్థ వేరే దారి పట్టింది. ట్రయాక్సేన్‌తో పాటు కాస్త ఇథిలీన్ ఆక్సైడ్‌నో డయాక్సొలేన్‌నో కలిపితే, గొలుసులో అక్కడక్కడా రెండు కార్బన్ల లంకెలు పడతాయి. కొస ఊడుతూ వచ్చి ఆ లంకె దగ్గర ఆగిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే కావాలని వేడిచేసి, ఊడేదాన్ని ముందే ఊడగొడతారు. దండలో నడుమ నడుమ ముడులు వేయడమే ఇది. నిజంగా గొప్ప ఉపాయం. దీనికి చెల్లించే మూల్యం కొద్దిపాటి బిగువు; కరిగే వేడి కూడా 175 డిగ్రీల నుంచి 165కు దిగుతుంది.

కొసలు కట్టినంత మాత్రాన పని తీరదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్ లాంటి ఉత్ప్రేరకం మిగిలిపోతే గొలుసును నడిమికి తెంచుతుంది కాబట్టి, అమైన్‌తో దాని పని ఆపాలి. ఆక్సిజన్ దాడికి ఫినాల్ తరహా యాంటీఆక్సిడెంట్లు అడ్డుపడతాయి. విడుదలైన ఫార్మాల్డిహైడ్ ఫార్మిక్ ఆమ్లమై మళ్లీ గొలుసునే కొరుకుతుంది. అలా కాకుండా దాన్ని పట్టేసుకోవడానికి మెలమైన్ వంటివి కలుపుతారు.

ఇంత శ్రమతో కట్టిన ముడి మౌల్డింగ్ మిషన్ దగ్గర నిమిషాల్లో విడిపోవచ్చు. బ్యారెల్‌లో సరుకు ఎక్కువసేపు కాగితే ముందు కళ్లు మండుతాయి, ఘాటు వాసన ముక్కుకెక్కుతుంది. పీవీసీ అవశేషం కలిస్తే దాని హైడ్రోక్లోరిక్ ఆమ్లం అసిటాల్‌ను చకచకా విరగ్గొడుతుంది, బ్యారెల్‌లో వాయువు పెరిగి ప్రమాదం ముంచుకొస్తుంది. పీవీసీ నడిపిన మిషన్‌లో అసిటాల్ పోసేముందు పాలిథీన్‌తో బ్యారెల్‌ను పూర్తిగా కడిగి తీరాలి.